మింగిన మందు ఒంటికి పట్టిందా? దింపు కార్మికుడి టీబీ కేసు

"ఒక్క రోజు కూడా మానలేదండీ. నేనే చేతిలో పెట్టి మింగిస్తన్నాను" అని రోగి భార్య మూడోసారి అనేసరికి నా ప్రశ్న నాకే చిన్నతనంగా తోచింది. బల్ల మీద రబ్బరు బ్యాండు వేసిన ఖాళీ స్ట్రిప్పుల కట్ట. ఎనిమిది వారాల ఎర్ర మాత్రలు, రోజుకి మూడు చొప్పున, లెక్క సరిగ్గా సరిపోయింది. పక్క కుర్చీలో అతను తువ్వాలు కప్పుకుని ఏప్రిల్ ఎండలో వణుకుతున్నాడు. రెండు నెలల మందు వాడాక కూడా కళ్లెలో టీబీ క్రిములు కనబడుతున్నాయి. బరువు పెరగకపోగా ఒక కిలో తగ్గింది.

ఇలాంటి చోట మా డాక్టర్లకి వెంటనే తట్టేవి రెండే. రోగి మందులు ఎగ్గొడుతున్నాడు, లేదా క్రిమి మందుకి లొంగని రకం. ఈ కేసులో రెండూ కావు. మూడోదాని దగ్గరికి వెళ్లడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ ఆలస్యంలో నా చీటీకీ వాటా ఉంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. భార్యాభర్తలిద్దరి అనుమతీ తీసుకున్నాను. ఇతనికి హెచ్ఐవీ కూడా ఉంది. అలాంటివారి వివరాలు బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది కాబట్టి ఊరు, వయసు, పనికిరాని గుర్తులు మార్చాను. రక్త పరీక్షల అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మొదటిసారి వచ్చినప్పుడు

కోనసీమలో కొబ్బరి దింపు తీసే మనిషి. నలభై లోపు వయసు. రోజుకి నలభై, యాభై చెట్లు ఎక్కి దిగేవాడు. అంతకుముందు ఏడాది దసరా నాటికి పది చెట్లకే ఆయాసం వచ్చేదట. సంక్రాంతికి చెట్టెక్కడమే మానేశాడు. భార్య రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. నా దగ్గరికి వచ్చేనాటికి రెండు నెలలుగా దగ్గు, సాయంత్రం జ్వరం, 58 కిలోల మనిషి 41కి వచ్చాడు. నోరు తెరవమంటే నాలుక మీద పెరుగు మీగడలా తెల్లటి పూత. ఆ పూత చూశాక హెచ్ఐవీ పరీక్ష రాయడానికి నేను తటపటాయించలేదు.

ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ పరీక్షా కేంద్రంలో, పాజిటివ్. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 46. కళ్లెలో ట్రూనాట్ అనే జన్యు పరీక్ష టీబీ చూపించింది, టీబీకి ప్రధాన మందైన రిఫాంపిసిన్‌కి నిరోధకత లేదని కూడా చెప్పింది. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల మధ్య భాగంలో మచ్చలు. హిమోగ్లోబిన్ 8.2, పోషణను చూపే ఆల్బుమిన్ 2.3, కిడ్నీ పనిని చూపే క్రియాటినిన్ 0.7, లివర్ పరీక్షలు మామూలే. మెదడుకు పాకే ఒక శిలీంధ్రం కోసం చేసే క్రిప్టోకాకల్ యాంటిజెన్ పరీక్ష నెగెటివ్. భార్యకి పరీక్ష చేయిస్తే నెగెటివ్ వచ్చింది. ఆ రోజు ఇద్దరూ చాలాసేపు వరండాలో కూర్చుని వెళ్లారు.

టీబీ యూనిట్ నుంచి రోజువారీ మందులు మొదలయ్యాయి. 35 నుంచి 49 కిలోల మధ్య ఉన్నవాళ్లకి నాలుగు మందులు కలిసిన మాత్రలు మూడు. అంటే రిఫాంపిసిన్ 450 మిల్లీగ్రాములు, ఐసోనియాజిడ్ 225, పైరజినమైడ్ 1200, ఎథాంబుటాల్ 825. కిలోకి 11 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్ పడుతోంది, కాగితం మీద వంక పెట్టడానికి లేదు. రెండు వారాలకి ఏఆర్‌టీ సెంటర్లో (హెచ్ఐవీ మందులిచ్చే చోట) టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర మొదలుపెట్టారు. రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్‌ని లివర్లో వేగంగా కరిగించేస్తుంది కాబట్టి పన్నెండు గంటల తేడాతో మరో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ విడిగా ఇచ్చారు. దాంతోపాటు రోజుకొక కోట్రైమాక్సజోల్ డీఎస్. సల్ఫామెథాక్సజోల్ అనే సల్ఫా మందూ ట్రైమెథోప్రిమూ కలిసిన యాంటీబయాటిక్ ఇది, డీఎస్ అంటే రెట్టింపు బలం. సీడీ4 350 లోపు ఉన్నవాళ్లకి ఇది తప్పనిసరి.

నా కేసు షీటులో మొదటి రోజునే ఒక ముక్క ఉంది: "విరోచనాలు అప్పుడప్పుడు, రోజుకి 3–4." అడిగితే "పెద్దగా ఏం కాదండీ, నీళ్లు పడట్లేదు" అన్నాడు. ఓఆర్‌ఎస్ రాసి ఊరుకున్నాను. రెండో వారంలో కడుపులో మంట, వికారం అంటే గులాబీ రంగు యాంటాసిడ్ సిరప్ కూడా రాశాను. పూటకి రెండు చెంచాలు. ఈ రెండు చిన్న విషయాల దగ్గరికి మళ్లీ వస్తాను.

ఎనిమిదో వారం

కళ్లె మళ్లీ పాజిటివ్ రాగానే క్రిమి మందులకి లొంగుతుందో లేదో చెప్పే లైన్ ప్రోబ్ పరీక్షకి నమూనా పంపాం. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ రెంటికీ క్రిమి లొంగేదేనని వచ్చింది. మొండి టీబీ కాదని తేలింది.

సలహా అడిగితే ఒక సీనియర్ స్నేహితుడు ఫోనులోనే "ఐరిస్ అయి ఉంటుంది, ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టు" అన్నాడు. ఏఆర్‌టీ మొదలై ఆరు వారాలైంది, సీడీ4 తక్కువ, కాబట్టి ఆ అనుమానం తప్పు కాదు. వైరస్ తగ్గి రోగనిరోధక శక్తి మళ్లీ లేస్తున్నప్పుడు అది టీబీ మీద విరుచుకుపడి జ్వరం తెప్పించడమే ఐరిస్. కానీ దానికో నడక ఉంటుంది. ముందు మనిషి టీబీ మందుతో తేరుకుంటాడు, జ్వరం తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, ఏఆర్‌టీ పడ్డాక మళ్లీ తిరగబెడుతుంది. ఇతను అసలు తేరుకోనే లేదు. ఫిబ్రవరి జ్వరమే ఏప్రిల్లోనూ ఉంది. స్టెరాయిడ్ ఇస్తే జ్వరం దిగేది, దాంతోపాటు నా అనుమానమూ దిగిపోయేది. ఇవ్వలేదు.

అప్పుడు అడగాల్సిన మాట అడిగాను. "అమ్మా, ఈయన మూత్రం ఏ రంగులో పోస్తున్నాడు?"

ఆమె కాసేపు ఆలోచించింది. "మొదట్లో ఎర్రగా ఉండేదండీ, భయపడ్డాం. ఆశా అమ్మాయి మందు వల్లేనంది. ఇప్పుడు మామూలే కదండీ, పసుపుగానే."

రిఫాంపిసిన్ ఇటుక రంగు పొడి. ఒంట్లోకి వెళ్లిన మందు మూత్రాన్నీ చెమటనూ కన్నీళ్లనూ కూడా నారింజ రంగుకి తిప్పుతుంది. మొదటి వారం రెండు వారాలు గడిచాక లివర్ ఈ మందును వేగంగా వదిలించుకోవడం నేర్చుకుంటుంది కాబట్టి ఎవరికైనా రంగు కొంత తగ్గుతుంది. మందు వేసుకున్న రెండు మూడు గంటలకి కూడా రంగే మారకపోవడం వేరు. మర్నాడు పొద్దున్న క్లినిక్కులోనే మాత్రలు మింగించి, మూడు గంటల తర్వాత గాజు గ్లాసులో మూత్రం పట్టించి కిటికీ దగ్గర పెట్టి చూశాను. లేత పసుపు. గడ్డి నానబెట్టిన నీళ్లలా ఉంది. ఇది కొలత కాదు, సూచన. పైసా ఖర్చు లేని ఆ సూచనను ఎనిమిది వారాలు వాడుకోనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మాత్ర ఎప్పుడు, దేనితో వేసుకుంటున్నాడని అడిగితే మిగతా కథ బయటికొచ్చింది. పరగడుపున వేసుకుంటే వాంతి వస్తోందని, చద్దన్నంలో పెరుగు కలిపి తిన్నాక, నా గులాబీ సిరప్ రెండు చెంచాలు తాగి, దాని మీద ఎర్ర మాత్రలు, ఏఆర్‌టీ మాత్ర అన్నీ కలిపి వేసుకుంటున్నాడు. నిండు కడుపున రిఫాంపిసిన్ వేసుకుంటే రక్తంలో దాని శిఖరం సుమారు మూడో వంతు తగ్గుతుంది. ఐసోనియాజిడ్‌కీ అన్నం పడదు. యాంటాసిడ్‌లోని అల్యూమినియం ఐసోనియాజిడ్‌ని అడ్డుకుంటుంది. డోలుటెగ్రావిర్‌ని అయితే అల్యూమినియం, మెగ్నీషియం పట్టేసి పేగు దాటనివ్వవు. యాంటాసిడ్‌కి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. అంటే ఒక్క సీసాతో టీబీ మందుకీ హెచ్ఐవీ మందుకీ ఒకేసారి గండి కొట్టింది నేనే.

సిరప్ ఆపించాను. మాత్రలు పరగడుపున, గంట తర్వాత టిఫిను. వాంతికి ముందుగా ఒక డోంపెరిడోన్. సమస్య ఇక్కడితో తేలిపోయిందనే అనుకున్నాను. ఎందుకైనా మంచిదని రక్తంలో మందు ఎంతుందో కొలిపిద్దామనుకున్నాను.

రక్తం ప్రయాణం

ఈ పరీక్ష మన పట్టణాల్లో దొరకదు. నమూనా ఒక పెద్ద నగరపు ల్యాబుకి వెళ్లాలి. మందు వేసుకున్న రెండో గంటలో ఒకసారి, ఆరో గంటలో ఒకసారి రక్తం తీయాలి. రెండోది ఎందుకంటే, కొందరిలో మందు తక్కువగా కాదు, ఆలస్యంగా ఎక్కుతుంది. అలాంటి వాళ్లకి ఆరో గంట అంకె రెండో గంట కంటే ఎక్కువగా ఉంటుంది. రెండూ తక్కువైతే పేగు మందును పీల్చుకోవడం లేదని అర్థం. రక్తం తీయగానే ప్లాస్మా వేరుచేసి గడ్డకట్టించాలి, డ్రై ఐసులో పంపాలి. మా చుట్టుపక్కల రొయ్యల కోసం ఐసు ఫ్యాక్టరీలు వీధికొకటి ఉన్నాయి. డ్రై ఐసు కావాలంటే మాత్రం కాకినాడ దాకా ఫోన్లు చేయాల్సి వచ్చింది. రొయ్యకున్న మర్యాద రక్తానికి లేదు.

నా కళ్లముందే, పరగడుపున, యాంటాసిడ్ లేకుండా మాత్రలు వేయించి నమూనాలు తీశాను. తొమ్మిది రోజులకి రిపోర్టు వచ్చింది. రిఫాంపిసిన్ రెండో గంటలో మిల్లీలీటరుకి 2.8 మైక్రోగ్రాములు, ఆరో గంటలో 1.9. ఉండాల్సింది 8 నుంచి 24. ఐసోనియాజిడ్ 1.7. అది కనీసం 3 ఉండాలి. పైరజినమైడ్ ఒక్కటే 29తో సుబ్బరంగా ఉంది.

తిండీ సిరప్పూ పక్కన పెట్టినా ఈ అంకెలే అంటే, తప్పు పేగులోనే ఉంది.

పేగు కథ

హెచ్ఐవీ అనగానే రక్తంలో సీడీ4 గురించి మాట్లాడుకుంటాం. కానీ రోగనిరోధక కణాలు పేగు గోడలో కూడా పెద్ద సంఖ్యలో కాపురం ఉంటాయి. వైరస్ ఒంట్లోకొచ్చిన తొలి వారాల్లోనే అక్కడి సీడీ4 కణాలను ఊడ్చేస్తుంది. తర్వాత ఏళ్లపాటు ఆ గోడ వాపుతోనే ఉంటుంది. పేగు లోపల వరి నారులా నిలబడి ఉండే సన్నటి వేళ్లు మొండిగా అరిగిపోతాయి, మందు పీల్చుకునే జాగా తగ్గిపోతుంది. కొందరికి కడుపులో ఆమ్లమే సరిగా ఊరదు. వీటన్నిటి మీద పేగులో చేరే పరాన్నజీవులు ఉంటాయి. ఆల్బుమిన్ 2.3 ఉందంటే పోషణ ఏ స్థితిలో ఉందో తెలుస్తూనే ఉంది.

చెన్నైలో అప్పటి టీబీ పరిశోధన కేంద్రంవారు, ఇప్పుడు జాతీయ క్షయ పరిశోధన సంస్థ, 2004లో దీని మీద ఒక పరిశీలన ప్రచురించారు. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో, టీబీ ఉన్నా లేకపోయినా, రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ సరిగా పీల్చుకోవడం లేదని మూత్రం ద్వారా కొలిచి చూపించారు. డి-జైలోజ్ అనే చక్కెర ఇచ్చి పేగు పనితనం కూడా చూశారు. ఆ తర్వాత వేరే దేశాల్లో చేసిన పరిశీలనలన్నీ ఒకే మాట చెప్పలేదు. హెచ్ఐవీ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ తేడా కనబడలేదన్నవీ ఉన్నాయి. నా మటుకు నాకు ఇందులో వైరుధ్యం కనబడదు. సీడీ4 500 ఉండి పొలం పనికి వెళ్లే మనిషి పేగు, సీడీ4 46తో విరోచనాలు అవుతున్న మనిషి పేగు ఒకటి కావు. "హెచ్ఐవీ పాజిటివ్" అన్న ఒక్క మాట కింద ఇద్దర్నీ కలిపేస్తే సగటు ఎటైనా తేలుతుంది.

ఈ లెక్కంతా ఆమెకి చెప్పడం కష్టమనుకున్నాను. మందు కడుపులోకి వెళ్తోంది గానీ రక్తంలోకి ఎక్కట్లేదమ్మా అన్నానంతే. "ధవళేశ్వరంలో నీళ్లొదిలినా మా శివారు చేలకి అందనట్టన్నమాటండీ, ఆయ్" అంది. నేను పీజీ విద్యార్థులకి ఇప్పటికీ ఆ మాటే చెబుతున్నాను.

ఇక విరోచనాల సంగతి. మామూలు మల పరీక్షలో ఏమీ లేదని అప్పటికే ఒక రిపోర్టు ఉంది. మాడిఫైడ్ యాసిడ్ ఫాస్ట్ రంగు వేసి చూడమని మా టెక్నీషియన్‌ని అడిగాను. టీబీ క్రిమిని చూడటానికి వాడే ఆ ఎర్ర రంగే, కడిగే ఆమ్లం మాత్రం పలుచన. గంట తర్వాత వచ్చి చూడండి సార్ అని పిలిచాడు. నీలం నేపథ్యం మీద, బియ్యపు గింజను రెండు చివర్లా కాస్త నొక్కినట్టు పొడుగ్గా, గులాబీ రంగులో, లోపల ఒకటి రెండు గుండ్రటి ముద్దలతో. ఐసోస్పోరా అనే పరాన్నజీవి. ఇప్పుడు దాన్ని సిస్టోఐసోస్పోరా అంటున్నారు. క్రిప్టోస్పోరిడియం అయితే ఇంతకంటే బాగా చిన్నగా, గుండ్రంగా ఉండేది, దానికి నమ్మదగిన మందు కూడా లేదు. ఐసోస్పోరాకి ఉంది. దాని పేరు కోట్రైమాక్సజోల్.

నేను ఉలిక్కిపడింది ఇక్కడే. కోట్రైమాక్సజోల్ రోజుకొకటి రెండు నెలలుగా వేసుకుంటున్నవాడికి ఐసోస్పోరా ఇంతలా ఎందుకుంటుంది?

"ఆ పెద్ద తెల్ల మాత్రాండీ?" అంది ఆమె. అతను నేల చూపులు చూశాడు. వారం వేసుకుని మానేశాడు. గొంతులో పడుతోందట, వికారమట. టీబీ మాత్ర కాదు, హెచ్ఐవీ మాత్ర కాదు, ఏదో బలం మాత్ర అనుకున్నారు. అతను వచ్చిన ప్రతిసారీ నేను ఎర్ర మాత్రల గురించి అడిగాను, తెల్లదాని గురించి ఒక్కసారీ అడగలేదు. ఆ తెల్ల మాత్రే పేగును కాపాడి ఎర్ర మాత్రల్ని లోపలికి పంపాల్సింది.

ఒకే ఒంట్లో ఎక్కువా తక్కువా

కోట్రైమాక్సజోల్ డీఎస్ రోజుకి నాలుగు పూటలా, పది రోజులకి రాశాను. అయిదో రోజుకి విరోచనాలు కట్టాయి. తొమ్మిదో రోజు పొద్దున్నే ఫోను: "ఒళ్లంతా చెమటకాయల్లా వచ్చాయండీ, దురద." వచ్చి చూస్తే వీపూ ఛాతీ నిండా ఎర్రటి దద్దు. నోట్లో, కళ్లలో పుండ్లు లేవు, చర్మం ఊడటం లేదు, లివర్ మామూలే. మాత్ర ఆపేశాను. టీబీ మందుల వల్ల కూడా దద్దు రావొచ్చు గానీ అవి మొదలై పది వారాలు దాటింది. సల్ఫా దద్దు సాధారణంగా రెండో వారంలోనే వస్తుంది.

ఈ విషయం దగ్గర కాస్త ఆగాలి. రిఫాంపిసిన్ రక్తంలో చాలక ఇబ్బంది పడుతున్న ఒంట్లోనే మరో యాంటీబయాటిక్ ఎక్కువై కూర్చుంది. సల్ఫామెథాక్సజోల్‌ని లివర్ రెండు దారుల్లో వదిలిస్తుంది. పెద్ద దారి ఎసిటిలేషన్, అందులో ప్రమాదం లేదు. సన్న దారిలో హైడ్రాక్సిలమైన్ అనే ఘాటైన పదార్థం పుడుతుంది. ఆరోగ్యవంతుడిలో గ్లుటాథయోన్ అనే రక్షక పదార్థం దాన్ని ఎప్పటికప్పుడు చల్లారుస్తుంది. ముదిరిన హెచ్ఐవీలో ఎసిటిలేషన్ నెమ్మదించవచ్చు. జన్యువుల ప్రకారం వేగంగా చేయాల్సినవాళ్లు కూడా జబ్బు పడ్డాక నెమ్మదిగా చేయడం గమనించారు. గ్లుటాథయోన్ నిల్వలూ తరిగిపోతాయి. చల్లారని పదార్థం ప్రోటీన్లకి అంటుకుని, ఉన్న కొద్దిపాటి రోగనిరోధక శక్తినీ రెచ్చగొడుతుంది. సామాన్య జనం కంటే హెచ్ఐవీ ఉన్నవాళ్లలో సల్ఫా దద్దు ఎన్నో రెట్లు ఎక్కువ కావడానికి ఇదొక ప్రధాన కారణమని భావిస్తున్నారు. కాబట్టి "హెచ్ఐవీలో యాంటీబయాటిక్ మోతాదు పెంచాలా, తగ్గించాలా" అని ఎవరైనా అడిగితే, ఏ మందు, ఒంట్లో ఏ మలుపు దగ్గర అని ఎదురు అడగాల్సిందే.

అదే వారంలో క్రియాటినిన్ 0.7 నుంచి 1.1కి వచ్చింది. టెనోఫోవిర్ కిడ్నీని కొడుతోందేమోనని గుండె గుభేలుమంది. కానీ డోలుటెగ్రావిర్, ట్రైమెథోప్రిమ్ రెండూ కిడ్నీ గొట్టాల నుంచి క్రియాటినిన్ బయటికి పోయే ద్వారాన్ని కాస్త మూస్తాయి. వడపోత తగ్గకుండానే అంకె పెరుగుతుంది. మూత్రంలో ప్రోటీన్ లేదు, చక్కెర లేదు, రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం సరిగానే ఉన్నాయి. టెనోఫోవిర్‌ని కదపలేదు. ట్రైమెథోప్రిమ్ ఆగిన వారానికి 0.9.

సల్ఫా పడలేదని వదిలేయడానికి లేదు, సీడీ4 అంత తక్కువ ఉన్నవాడికి అది కవచం. దద్దు పూర్తిగా తగ్గిన రెండు వారాలకి సిరప్‌తో మెల్లగా అలవాటు చేశాం. మొదటి రోజు 2 మిల్లీలీటర్లు, రోజుకి రెండేసి పెంచుతూ నాలుగో రోజుకి 8, అయిదో రోజు మామూలు మాత్ర ఒకటి, ఆరో రోజు డీఎస్. మొదటి దద్దు తీవ్రమైనదై, నోట్లో పుండ్లు పడి, చర్మం లేచి ఉంటే ఈ ప్రయత్నం జన్మలో చేయకూడదు. ఇతనికి దురద కూడా రాలేదు.

ఈ మందు పేరు చెప్పుకుంటే నాకు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు, ఆయనకీ అది సోకింది. స్ప్రూ అంటే తిన్నది పేగుకి పట్టకపోవడమే. తర్వాత అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ స్ప్రూకి మందయింది. క్రిముల ఒంట్లో ఆ ఫోలిక్ యాసిడ్ పని సాగకుండా కోట్రైమాక్సజోల్ రెండు చోట్ల అడ్డుపడుతుంది. ఈ గట్టు మీది కథ ఎక్కడెక్కడ తిరిగి ఈ గట్టుకే వచ్చింది.

మోతాదు

రిఫాంపిసిన్ 2.8 అన్న రిపోర్టు చేతిలో పట్టుకుని, పేగు బాగుపడే దాకా ఆగుదామా, మోతాదు పెంచుదామా అని టీబీ యూనిట్ వైద్యాధికారితో మాట్లాడాను. క్రిమి ఇప్పుడు లొంగేదే. చాలీచాలని మందుతో ఇంకో నెల నడిపితే అది లొంగకుండా తయారవుతుందన్నదే ఇద్దరి భయమూ. మూడు మాత్రలకి తోడు విడిగా 150 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్ క్యాప్సూల్ కలిపాం. మొత్తం 600, కిలోకి 15 దాకా. ఇంతకు రెట్టింపు మించి, కిలోకి 35 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి పరీక్షించిన ట్రయల్స్ ఉన్నాయి కాబట్టి ఈ మోతాదుకి నేను భయపడలేదు. అయినా రెండు వారాలకోసారి లివర్ పరీక్ష చేయించాను. ఐసోనియాజిడ్ పెంచలేదు. మన జనంలో దాన్ని నెమ్మదిగా వదిలించుకునేవాళ్లే ఎక్కువ, కాళ్ల తిమ్మిర్లు రాకుండా పైరిడాక్సిన్ మాత్రం సాగింది.

నాలుగు వారాల తర్వాత మళ్లీ కొలిపించాం. మళ్లీ అదే డ్రై ఐసు తంటా. రిఫాంపిసిన్ రెండో గంటలో 9.6. ఐసోనియాజిడ్ 3.5.

ఇందులో నాకు రెండో అంకె ఎక్కువ విలువైనది. రిఫాంపిసిన్ పెరగడం మోతాదు వల్లా, పేగు వల్లా అంటే తేల్చి చెప్పలేను, రెంటినీ దాదాపు ఒకేసారి మార్చాను. ఐసోనియాజిడ్ మోతాదు మాత్రం నేను ముట్టుకోలేదు. అదే 225 మిల్లీగ్రాములు, అదే పరగడుపు. 1.7 నుంచి 3.5కి తనంతట తానే ఎక్కింది. మధ్యలో మారింది పేగు. ఐసోస్పోరా పోయింది, డోలుటెగ్రావిర్ సరిగా పడటంతో వైరస్ తగ్గింది, తిన్నది నిలుస్తోంది.

పేగు కోలుకుంది కదా అని అదనపు క్యాప్సూల్ తీసేయొచ్చా అని ఒకరు అడిగారు. నేను తీయలేదు. తీసి ఉంటే మళ్లీ కొలిపించాల్సి వచ్చేది, మూడోసారి ఆ రక్తం ఖర్చు ఆ ఇంటి మీద మోపడం నాకిష్టం లేకపోయింది. అది శాస్త్రం కాదు, ఆ ఇంటి సంగతి తెలిసి తీసుకున్న నిర్ణయం.

జ్వరం మే రెండో వారంలో తగ్గింది. తర్వాతి కళ్లె పరీక్ష నెగెటివ్. టీబీ మందు ఆరు నెలలకి ఆపకుండా, మొదటి రెండు నెలలూ సరిగా అందలేదన్న కారణంతో, తొమ్మిది నెలలు నడిపాం. రిఫాంపిసిన్ ఆపాక కూడా లివర్‌లో దాని ప్రభావం కొన్నాళ్లు ఉంటుంది కాబట్టి రాత్రి పూట డోలుటెగ్రావిర్ మరో రెండు వారాలు సాగించి ఆపించాను. ఆరు నెలల దగ్గర వైరల్ లోడ్ కనబడని స్థాయికి వచ్చింది.

ఇప్పుడు నా దగ్గరికొచ్చే ముదిరిన హెచ్ఐవీ కేసుల్లో విరోచనాలు ఉన్నాయంటే మొదటి రోజే ఆ ఎర్ర రంగు మల పరీక్ష రాస్తున్నాను. మూత్రం రంగు ప్రతి రాకలోనూ అడుగుతున్నాను. నర్సమ్మ నన్ను చూసి నవ్వుతుంది. మందుల సంచి మొత్తం బల్ల మీద గుమ్మరించమని, ఒక్కో మాత్ర చూపించి, ఇది ఎప్పుడు, దేనితో, ఇది మానేశావా అని అడుగుతున్నాను. పది నిమిషాలు పడుతుంది. బయట క్యూలో వాళ్లు విసుక్కుంటారు.

పోయిన నెల అతను వచ్చాడు. 53 కిలోలు. దింపుకి ఇంకా వెళ్లట్లేదు, తోటలో రాలిన కాయలు ఏరి రాశి పోసే పని చేస్తున్నాడు. చెట్టెక్కొచ్చా అని అడిగితే ముందు నాలుగు చెట్లతో మొదలుపెట్టమన్నాను. లేచి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, ఆ తెల్ల మాత్ర ఇంక ఆపేయొచ్చాండీ అన్నాడు. సీడీ4 212. ఆపకూడదన్నాను. ఆమె అతని వైపు చూసి, సంచి జిప్పు వేసుకుంది.